ఎన్నేళ్ల బండి

చంద్రమోహన్ అడిగేవి రెండే ప్రశ్నలు. మహబూబాబాద్‌లో బండి కొనదలిచి తన షెడ్డుకు వచ్చిన ఎవరినైనా ఆ రెండే అడుగుతాడు. పాతికేళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి. రంగు చూసి, సీటు నొక్కి చూసి బండి కొనేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట. అందుకే ఆ బుధవారం మధ్యాహ్నం చత్రు వచ్చి, "అన్నా, పెట్రోల్‌ది కొనాల్నా, డీజిల్‌ది కొనాల్నా?" అనగానే ఆయనకు ముచ్చటేసింది. ఇన్నాళ్లకు అడగాల్సింది అడిగేవాడు ఒకడు దొరికాడనుకున్నాడు.

"నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతవే?" అన్నాడు, చేతులు తుడుచుకుంటూ.

దానికి చత్రు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. గంగారం అవతలి తండా నుంచి మహబూబాబాద్ దవాఖానకు అరవై. రానూపోనూ నూట ఇరవై. వారానికి మూడుసార్లు. "పదిహేను వందలన్నా. పైన్నే అయితది, తక్కువ కాదు."

"అయితే సరిగ్గ గీత మీద ఉన్నవ్. ఇటన్న పోవచ్చు, అటన్న పోవచ్చు. ఇగ రెండోది చెప్పు. బండిని ఎన్నేండ్లు ఉంచుకుంటవ్?"

చత్రు తల తిప్పి షెడ్డు బయటికి చూశాడు.

అతనికి అర్థం కాలేదేమోనని చంద్రమోహన్ ఓపిగ్గా విడమరిచాడు. "మూడు నాలుగేండ్లు తిప్పి అమ్ముకునేటోనికి పెట్రోలే మంచిది. కొనేకాడ అగ్గువ, రిపేరు అగ్గువ. డీజిల్ అట్ల కాదు. ముందుగాల బరువు పడ్తది. కానీ ఎనిమిదేండ్లు, పదేండ్లు నడుపుకుంటే అది నిన్ను సాదుతది. ఏండ్లు చెప్తెనే నేను ఇంజన్ చెప్త."

షెడ్డు బయట బల్ల మీద కూర్చున్న చత్రు భార్య గోరీ అప్పటిదాకా కళ్లు మూసుకునే ఉంది. నాలుగు గంటలు డయాలిసిస్ మంచం మీద పడుకుని వచ్చిన మనిషి. ఎడమచేతికి దూది, దాని మీద పట్టీ. ఆ కళ్లు తెరవకుండానే, "పెట్రోలే మంచిదన్న," అంది.

చంద్రమోహన్‌కు ఏమీ తెలియదు కాబట్టి తలూపాడు. చత్రుకు మాత్రం ఎవరో రొమ్ము మీద గుద్దినట్టయింది.

ఆ ఎడమచేతి సంగతి చెప్పాలి. తండాలో గోరీ వయసు ఆడవాళ్లకు చేతులనిండా, మోచేతి పైదాకా తెల్ల గాజులుంటాయి. అవి తీసేది మొగుడు పోయినప్పుడే. రెండేళ్ల కింద సూదులు గుచ్చడానికి గోరీ చేతినరాన్ని సిద్ధం చేస్తూ డాక్టర్లు ఎడమచేతి గాజులన్నీ తీయించారు. కుడిచేతికి ఇంకా ఉన్నాయి. "ఇటు మొగడున్నడు, ఇటు లేడు," అని చేతులు రెండూ చాపి తనమీద తనే వేళాకోళమాడుతుంది. తండా ఆడవాళ్లు నవ్వుతారు. చత్రుకు ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

తిరుగు బస్సులో గూడూరు దాటాక అతను అడిగాడు. "పెట్రోల్ అని ఎందుకన్నవే?"

"నేను పోయినంక నీకు పెద్ద బండి ఎందుకు? చిన్నదైతే ఎవరన్న కొనుక్కుంటరు." ఉప్పు అయిపోయింది, తెమ్మన్నంత మామూలుగా అంది.

బండి ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే చత్రును పట్నం పోకడలు పోయినవాడు అనుకునే ప్రమాదముంది. పొద్దున ఏడింటికి గోరీ వంతు. మొదటి బస్సు ఆ వేళకు అందదు. ముందురోజే పోయి దవాఖాన వరండాలో పడుకోవాలి. మంచం దిగాక కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది, అలాగే బస్టాండులో నిలబడాలి. పోయిన వానాకాలం వాగు పొంగి రెండు వంతులు తప్పిపోయాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. వాగు తగ్గీ తగ్గకముందే ఆమెను ట్రాక్టర్ ట్రాలీలో వేసి చత్రే నడిపాడు. ఇరవై ఏళ్లు ఊరివాళ్ల ట్రాక్టర్లు తోలిన చెయ్యి అతనిది. ఆ రోజు మాత్రం గేరు కోసం తడుముకుంది. వెనక నుంచి ఆమె ఊపిరి చప్పుడు ఇంజన్ మోతను మించి వినిపించింది. ఆ ఊపిరి చప్పుడు ఇప్పటికీ అతని చెవుల్లోంచి పోలేదు.

ఎడ్లను అమ్మాడు, మందలోని ఆవులన్నిటినీ అమ్మాడు. గోరీ తన వెండి కడియాలు తీసి ముందు పెట్టింది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఈ నెలలో కొత్త ముచ్చట ఒకటి మొదలైంది. రెండు సోమవారాలు ఆమె లేవలేదు. "ఇయ్యాల వద్దు," అని గోడవైపు తిరిగింది. మూడో రోజుకు కాళ్లు ఉబ్బి, ఆయాసం వచ్చాక గానీ కదల్లేదు. చత్రుకు తెలుసు అది బద్ధకం కాదని. ఆమె మెల్లగా మానుకుంటోంది. ఒక వంతు, ఇంకో వంతు, తర్వాత అన్నీ. బండి ఇంటిముందు నిలబడితే లేస్తుందని అతని ఆశ. తీరా బండి దగ్గరకు వచ్చేసరికి ఎన్నేళ్లు అనే ప్రశ్న అడ్డం పడింది.

శనివారం రెండు బస్సులు మారి భూపాలపల్లి పోయాడు. గోరీ తమ్ముడు శివాజీ అక్కడ బొగ్గు టిప్పర్ నడుపుతాడు. బదిలీ అయిపోతున్న ఒక ఆఫీసరుది చిన్న పెట్రోల్ కారు ఉందని, వచ్చి చూడమని వాడే కబురు పెట్టాడు. కారు ముద్దుగానే ఉంది. తాళం తిప్పగానే చప్పుడు లేకుండా అంటుకుంది. ఏసీ చల్లగా ముఖాన కొట్టింది.

"అక్క మెత్తగ పోతది బావా," అన్నాడు శివాజీ.

"డీజిల్‌ది ఏదన్న దొరకదార?"

"డీజిల్ ఎందుకు?" శివాజీ కారు అద్దాన్ని చొక్కా అంచుతో తుడుస్తున్నాడు, బావ ముఖం చూడకుండా. "దినాం దాన్నే నడిపేటోన్ని, నాకు తెల్వదా? శానా ఏండ్లు ఉంచుకునేటోళ్ల ముచ్చట గది. అక్కనే ఫోన్ జేసింది బావా. చిన్నది చూడు, ఎక్కువ దినాలకు కాదు అన్నది."

చత్రు తలుపు తీసుకుని దిగాడు. బావమరిది గల్లా పట్టుకోవాలన్నంత కోపం వచ్చింది. వాడేం చేశాడు పాపం, కోపం ఎవరిమీద చూపాలో తెలియక వాడి మీద వచ్చింది. "గిది కొంటే మీ అక్కకు నా చేతులతోటి నేనే దినం పెట్టినట్టు. ఆ మాట నీకు సమజయితాందార?"

"నాకు మాత్రం కడుపుల లేదా బావా," అన్నాడు శివాజీ. వాడి కళ్లలో నీళ్లు చూశాక చత్రు కోపం దిగిపోయింది. భుజం మీద చెయ్యి వేసి, కారు వద్దని చెప్పి, వచ్చిన దారినే తిరిగి వెళ్లాడు.

ఆ రోజు నుంచి పైకం అతని నడుముకే ఉంది. ఇంట్లో పెడితే గోరీ తీసి తమ్ముడికి పంపి ఆ కారే తెప్పిస్తుందేమోనని భయం. పడుకున్నప్పుడు కూడా విప్పేవాడు కాదు. ముప్పై ఏళ్ల కాపురంలో పెళ్లాం నుంచి పైకం దాచుకోవడం అతనికి ఇదే మొదలు.

సోమవారం గోరీని మంచమెక్కించాక చత్రు డయాలిసిస్ గది ముందు నిలబడ్డాడు. యంత్రాలు చూసే ఉమ బయటికి రాగానే అడ్డం వెళ్లాడు. "బిడ్డా, ఒక్క ముచ్చట. మా ఆమెకు ఎన్నేండ్లు?"

"నలభై ఎనిమిది రాసినం కదా."

"గవి కాదు బిడ్డా. ఇగ ముందట."

ఉమ ముఖం మారింది. "అది డాక్టర్లు కూడ చెప్పరు పెద్దాయనా."

"డీజిల్ బండి కొనాల్నా, పెట్రోల్‌ది కొనాల్నా తెలుస్తలేదు. అందుకే."

ఉమకు మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత అర్థమైంది. అర్థమయ్యాక గోడకు ఆనుకుంది. ఆ పిల్లకు పాతికేళ్లు కూడా ఉండవు, రోజూ ఇరవై మంది ప్రాణాలు ఆమె చేతిమీదుగా తిరుగుతాయి. "నేను రెండేండ్ల కింద జనగామ సెంటర్ల చేసిన," అంది చివరికి. "ఆడికి కట్టయ్య అని ఒకాయన వచ్చేటోడు. బచ్చన్నపేట. అప్పటికే ఏడేండ్లాయె ఆయనకు డయాలిసిస్ పట్టి. అంటే ఇప్పుడు తొమ్మిది. ఒక్క వంతు తప్పలే. వాళ్లామె అండాలు, ఆమెనే బండి నడుపుకుంట తెచ్చేది."

"ఏం బండి?"

"పెద్దది. ఏడు సీట్లది."

"డీజిలా?"

"డీజిలే అనుకుంట. చప్పుడొచ్చేది."

తొమ్మిదేళ్లు. చత్రు ఆ మాటను నోట్లో పెట్టుకుని లోపలికి పరుగెత్తినంత పనిచేశాడు. గోరీ మంచం పక్కన వంగి చెప్పాడు. కట్టయ్య, బచ్చన్నపేట, తొమ్మిదేళ్లు, డీజిల్. గోరీ వింది. ఇల్లు చేరేదాకా ఒకటికి రెండుసార్లు, "ఆ మనిషి వయసెంతనట?" అని అడిగింది. చత్రుకు అది చాలు. గురువారం బచ్చన్నపేట పోయి, కట్టయ్యను కళ్లారా చూసి, ఎలా బతుకుతున్నావన్నా అని అడిగి రావాలని నిర్ణయించుకున్నాడు.

మధ్యలో బుధవారం మామూలుగానే గడిచింది. పక్క మంచం యాకమ్మ అని ఒకామెది. ఆమెది జనగామ వైపే, ఈమధ్యే బిడ్డ ఇంటికి వచ్చి ఇక్కడ చూపించుకుంటోంది. ఆమె, గోరీ చాలాసేపు గుసగుసలాడుకున్నారు. వచ్చేటప్పుడు గోరీ నోరు విప్పలేదు. అలసిపోయింది అనుకున్నాడు చత్రు. గురువారం చీకటితోనే చొక్కా తొడుక్కుంటుంటే ఆమె చాలాసేపు అతనివైపే చూసింది.

"పోక తప్పదా?" అంది.

"చూసొస్త. ఒక్కసారి."

"బుక్కెడంత తిని పో అయితే."

నాలుగు బస్సులు మారి బచ్చన్నపేటలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. కట్టయ్య ఇల్లెక్కడని అడిగితే ఒక ముసలామె చెయ్యి చూపించి, ఇతని ముఖంలోకి జాలిగా చూసింది. ఎందుకు చూసిందో గడపలో నిలబడ్డాక తెలిసింది. ఎదురుగా గోడకు ఫోటో, దానికి దండ. దండలో పూలు ఆ పొద్దున వేసినవే.

"ఎవరు కావాలె తమ్మీ?" లోపలి నుంచి వచ్చిన ఆమె నుదురు బోసిగా ఉంది.

"కట్టయ్య అన్న కోసం వచ్చిన," అన్నాడు చత్రు. ఫోటో చూస్తూనే అన్నాడు.

"ఇరవై ఆరు దినాలాయె," అంది అండాలు.

చత్రు అరుగు మీద కూలబడ్డాడు. ఎన్నడూ చూడని మనిషి కోసం, పేరు మూడు రోజుల కిందే విన్న మనిషి కోసం, పరాయి ఊళ్లో పరాయి అరుగు మీద వెక్కి వెక్కి ఏడ్చాడు. పోయింది కట్టయ్య ఒక్కడే కాదు, అతనికి గోరీ పోయినట్టే అనిపించింది. అండాలు చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, తనూ కూర్చుంది. ఏడ్పు ఆగాక అతనే అంతా చెప్పాడు. గోరీ సంగతి, గోడవైపు తిరిగే సోమవారాల సంగతి, చంద్రమోహన్ రెండో ప్రశ్న సంగతి.

అండాలు లేచి పెరట్లోకి నడిచింది. టార్పాలిన్ పట్టా కప్పిన బండి. పట్టా ఒక పక్కకు లాగింది. తెల్లది, ముందు బంపర్‌కు పెద్ద సొట్ట.

"నన్ను కూడ గిదే అడిగిండ్లు షోరూంల. ఎన్నేండ్లు ఉంచుకుంటరమ్మా అని. అప్పటికి డాక్టర్లు రెండేండ్లు కష్టమన్నరు. ఈయన పెట్రోల్‌ది చాలన్నడు. నాకు కోపమొచ్చింది తమ్మీ. పదేండ్లు ఉంచుకుంట, డీజిల్‌దే ఇయ్యి అన్న. నలభై ఆరేండ్లకు స్టీరింగు పట్టిన. మొదటి దినమే గోడకు గుద్దిన. అగో, గదే సొట్ట. ఈయన బాగు చేపియ్యనియ్యలే, దాన్ని చూసినప్పుడల్లా నవ్వేటోడు." ఆమె డ్రైవర్ తలుపు తీసి తాళం తిప్పింది. మీటర్‌లో అంకెలు వెలిగాయి. డెబ్బై ఒక్క వేల చిల్లర. "ఓ పెండ్లికి తీస్కపోలే, ఓ జాతరకు తీస్కపోలే. గీ మీటరంత జనగామ దవాఖాన తొవ్వనే. పదేండ్లన్న. తొమ్మిదైనయ్. ఇంజన్ మిగిలింది, మనిషే మిగలలే."

ట్రాక్టర్ల మనిషి కాబట్టి చత్రుకు ఆ అంకె విలువ తెలుసు. డెబ్బై వేలంటే డీజిల్ ఇంజన్ ఇంకా పడుచుదే. చేతులు వాటంతట అవే బానెట్ మీదికి వెళ్లాయి. వెంటనే వెనక్కి తీసుకున్నాడు. చచ్చిపోయిన మనిషి పడుకున్న మంచాన్ని కూడా ఇంట్లో ఉంచుకోరు తన తండాలో. అలాంటిది ఇదే రోగంతో పోయిన మనిషి తొమ్మిదేళ్లు కూర్చున్న సీటు. గోరీ ఇందులో కాలు పెడుతుందా?

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. గోరీ.

చత్రు ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "చూసినవా?" అంది ఆమె.

నిజం చెప్పాలి. చెప్పడానికే నోరు తెరిచాడు. "చూసిన," అన్నాడు. "మంచిగున్నడు. నాకంటె గట్టిగున్నడు." ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలియదు. "కొత్త బండి కొంటాండట. పాతది మనకు ఇస్త అంటాండు."

"వాళ్లామెకు ఇయ్యి ఫోన్," అంది గోరీ.

చత్రు ఫోన్ చేత్తో మూసి అండాలు వైపు చూశాడు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? మొగుడు పోయి నెల తిరగని మనిషిని, మొగుడు బతికే ఉన్నాడని చెప్పమని ఎలా అడుగుతాడు? రెండు చేతులూ జోడించాడు. జోడించిన చేతుల మధ్యే ఫోన్ ఉంది. అండాలు ఆ చేతులను చూసింది, తలుపు సందులోంచి కనిపిస్తున్న ఫోటోను చూసింది, ఫోన్ తీసుకుంది.

"చెప్పు చెల్లె," అంది.

గోరీ ఏం అడిగిందో చత్రుకు వినిపించలేదు. అండాలు పెదవులు బిగపట్టింది. మెడనరాలు ఉబ్బాయి. గొంతు మాత్రం మామూలుగానే వచ్చింది. "ఆఁ, మంచిగున్నడు. ఇప్పుడే బువ్వ తిని పండుకున్నడు. లేపాల్నా?"

మళ్లీ ఏదో వింది. "సరే చెల్లె. పైలం," అని ఫోన్ అతని చేతిలో పెట్టి పెరటి గోడవైపు తిరిగింది. ఆమె వీపు కదలడం చూసి చత్రు తల దించుకున్నాడు. ఇంతకంటే నీచమైన పని తన జన్మలో చేయలేదనుకున్నాడు.

చాలాసేపటికి ఆమె ముఖం తుడుచుకుని వచ్చింది. చత్రు నడుమున కట్టిన పైకం విప్పి ఇస్తే అందులో కొంత వెనక్కి ఇచ్చేసింది, డీజిల్‌కు ఉంచుకోమని. కాగితాల పని వచ్చేవారం చేసుకుందామంది. తాళం ఇచ్చేముందు అతన్ని సీట్లో కూర్చోబెట్టి నేర్పింది. "ట్రాక్టర్ తీసినట్టు గుంజకు. తాళం సగం తిప్పితే పసుపుపచ్చ తీగచుట్ట బొమ్మ ఒకటి వెలుగుతది. ఇంజన్ లోపట వేడి చేసుకుంటది. అది ఆరేదాక ఆగాలె. తొందరపడితే దమ్ము పోతది దానికి." చత్రు తలూపాడు.

"ఆయన పేరు మీద అబద్ధమాడిన తమ్మీ," అంది అండాలు, తలుపు వేస్తూ. "దాన్ని ఊకనే పోనియ్యకు."

దారిలో మహబూబాబాద్ షెడ్డు ముందు ఆపితే చంద్రమోహన్ బానెట్ ఎత్తి, చెవి పెట్టి విని, నూనె పుల్ల తీసి చూసి, "యాడ పట్టినవే దీన్ని? ఇంకో పదేండ్లకు ఢోకా లేదు," అన్నాడు. ఆ మాటకు సంతోషించాలో ఏడవాలో చత్రుకు తెలియలేదు. దీపాలు పెట్టే వేళకు తండా చేరాడు. జనం మూగారు. గోరీ బయటికి వచ్చి బండి చుట్టూ ఒకసారి తిరిగింది. బంపర్ సొట్ట మీద చెయ్యి పెట్టి నిమిరింది.

"ఆయన కొత్తగ కొనేది కూడ డీజిలేనా?" అంది.

"డీజిలే."

"మంచిది," అని లోపలికి పోయింది.

మూడు వారాలు ఒక్క వంతు తప్పలేదు. తెల్లవారక ముందే గోరీ లేచి, తల దువ్వుకుని, వచ్చి ముందు సీట్లో కూర్చునేది. చత్రుకు ప్రాణం లేచి వచ్చింది. కానీ అబద్ధానికి రోజూ మేత వేయాలి కదా. అతనికి అలవాటు లేని పని. ఒకరోజు కట్టయ్య అన్న పొలానికి పోయి వచ్చాడట అనేవాడు. ఒకరోజు కట్టయ్య అన్న మటన్ కావాలని మారాం చేశాడట అనేవాడు. తీరా చెప్పాక, డయాలిసిస్ మనిషికి మటన్ ఏమిటని తనకే అనుమానం వచ్చి, ముక్క నోట్లో పెట్టుకోలేదట, వాసన చూసి ఊరుకున్నాడట అని దిద్దుకునేవాడు. గోరీ కిటికీలోంచి అడవిని చూస్తూ వినేది. "అట్లనా," అనేది.

నాలుగో సోమవారం ఆమె లేవలేదు.

బయట సన్నగా వాన. బండి వాకిట్లోనే ఉంది. చత్రు పిలిచాడు, తట్టాడు. గోరీ గోడవైపు తిరిగే ఉంది. "వద్దు. నా వల్ల కాదు," అంది. "దినం తప్పి దినం సూదులు. దినం తప్పి దినం వాంతులు. నిన్ను గోస పెట్టుకుంట, నేను గోస పడుకుంట. ఇగ ఇడిసిపెట్టు నన్ను."

చత్రు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. వాన పెరిగితే వాగు పొంగుతుంది. వాగు పొంగితే ఈ వంతే కాదు, బుధవారం కూడా పోతుంది. ఏం చెప్పాలో తోచక తనకు తెలిసిన ఒకే మందు బయటికి తీశాడు. "కట్టయ్య అన్నకు కూడ రెండో ఏడు గిట్లనే అయిందట. వద్దు వద్దు అన్నడట. అండాలక్క ఇడిసిపెట్టలే. ఇప్పుడు చూడు, ఎంత మంచిగ..."

"సచ్చిపోయినోన్ని ఎన్నిసార్లు బతికిస్తవ్?" అంది గోరీ.

ఆమె ఇటు తిరిగింది.

"యాకమ్మ చెప్పింది నాకు. నువ్వు బచ్చన్నపేట పోయే ముందు దినమే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పుదు? పెండ్లికి పోయినట్టు తయారవుతుంటివి." ఆమె ఆగి ఊపిరి తీసుకుంది. "ఆడికి పోయినంక ఏడుస్తున్నవేమో, ఒక్కనివే ఉన్నవేమో అని ఫోన్ జేసిన. మంచిగున్నడు అంటివి. నాకు సమజైంది. ఆ అక్కకు ఇయ్యమన్న. ఏమన్నదో ఎరుకేనా?"

చత్రు తలూపాడు.

"బువ్వ తిని పండుకున్నడట. లేపాల్నా అన్నది." గోరీ కళ్లలోంచి నీళ్లు చెవుల మీదికి కారాయి. "నెల కాలే ఆమె మొగడు పోయి. నన్ను ఎన్నడు చూసింది లేదు. నా కోసం మొగన్ని పండబెట్టింది ఆమె. గందుకే ఎక్కిన ఆ బండి. మూడు వారాలు ఆ మాట పట్టుకుని ఎక్కిన. ఇంకెన్ని దినాలు పట్టుకోను?"

చత్రు దగ్గర ఇంక అబద్ధం మిగల్లేదు, నిజమూ మిగల్లేదు. ఆమె కుడిచేతిని, గాజులున్న చేతిని, రెండు చేతులతో పట్టుకుని నుదురు దాని మీద ఆనించాడు. యాభై రెండేళ్ల మగవాడు, పసిపిల్లవాడు ఏడ్చినట్టు ఏడ్చాడు. "నువ్వు లేకుంట నాకు చాతకాదే," అన్నాడు. ముప్పై ఏళ్లలో ఈ ముక్క ఎన్నడూ అనలేదు. ఆవుల గురించి, పత్తి గురించి, వాన గురించి లక్ష మాటలు చెప్పాడు గానీ ఇది చెప్పలేదు. "బండికి కాదు. నాకు ఏండ్లు కావాలె."

చాలాసేపు గోరీ ఇంటికప్పు వైపే చూస్తూ పడుకుంది. తర్వాత ఎడమచేతి మీద భారం పడకుండా, కుడిచెయ్యి అతని భుజాన మోపి, మెల్లగా లేచి కూర్చుంది.

"పదేండ్లు అడగకు నన్ను," అంది. "నా దగ్గర లేవు. ఆ కట్టయ్య అన్న ముచ్చట ఇగ చెప్పకు, ఆయనను పండనియ్యి. ఇయ్యాల్టికైతే వస్త."

"బుధవారం?"

"బుధవారం మళ్ల అడుగు."

తల దువ్వుకోలేదు. కొంగు తల మీద కప్పుకుని వానలో నాలుగడుగులు నడిచి, ముందు సీట్లో కూర్చుంది. చత్రు పరుగున వచ్చి ఎక్కాడు. వాగు ఇంకా పొంగి ఉండదు, ఇప్పుడు బయల్దేరితే దాటొచ్చు. తాళం రెండుసార్లు తప్పి, మూడోసారి సందులో దూరింది. తొందరలో ఒకేసారి మొత్తం తిప్పబోయాడు.

గోరీ అతని మణికట్టు మీద చెయ్యి వేసి ఆపింది. మీటర్ పక్కన పసుపుపచ్చ తీగచుట్ట బొమ్మ వెలుగుతోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"ఆరింది," అంది గోరీ. "ఇగ తియ్యి."